మన డెల్టాలోనే జియాలజీ, హైడ్రాలజీ, సర్వే నేర్చుకోవడం ఎలా?

మూడోసెమ్ – అమలాపురం

అందరికీ నమస్కారమండి. సివిల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంజనీరింగ్ జియాలజీ, హైడ్రాలజీ, సర్వేయింగ్ మూడూ దాదాపు ఒకేసారి మీద పడ్డాయి. జియాలజీ ల్యాబ్‌లో పెట్టెలో రాళ్లు చూపించి ఇది గ్రానైట్, ఇది షిస్ట్ అని గుర్తుపట్టమంటారు. మా ఊళ్లో ఎంత తవ్వినా మట్టి, ఇసుక తప్ప రాయి కనిపించదు. హైడ్రాలజీ అంతా ఫార్ములాలే. సర్వే ల్యాబ్‌లో ఒక్క ఆటో లెవెల్ (ఎత్తుల తేడా కొలిచే పరికరం) చుట్టూ పదిమందిమి నిలబడతాం. ఒకరు చూస్తారు, మిగిలినవాళ్లం రీడింగులు రాసుకుంటాం.

ఇంపార్టెంట్ క్వశ్చన్లు చదివేసి గట్టెక్కేయమని సీనియర్ల సలహా. నాకు అది చాలదు, నిజంగా నేర్చుకోవాలని ఉంది. మా బ్యాచ్ అమ్మాయిలం నలుగురం ఆదివారాలు తిరగడానికి సిద్ధం. ఏం చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

గట్టుమీద – ధవళేశ్వరం, ఇరిగేషన్‌లో చేసి రిటైర్

అమ్మా, మీ ఊళ్లో రాయి దొరకకపోవడమే మీ మొదటి జియాలజీ పాఠం. ఎందుకు దొరకదు, రాయి ఎక్కడ ఆగిపోయింది అని అడుగుతూ ఎగువకు రండి.

ముందు రాజమండ్రి పక్కన కాతేరు. అక్కడున్నది బసాల్ట్, దక్కన్ ట్రాప్స్ కుటుంబానికి చెందిన లావా. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. రెండు లావా పొరల నడుమ సున్నపురాయి పొర ఉంటుంది, అందులో గవ్వల శిలాజాలున్నాయి. అంటే ఒక లావా ప్రవాహానికీ మరోదానికీ మధ్య అక్కడ నీళ్లు నిలిచాయి, ప్రాణులు బతికాయి. దాని మీద రాజమండ్రి ఇసుకరాయి, మెట్ట ప్రాంతంలో కనిపించే ఎర్ర నేల. ధవళేశ్వరం కొండ దాటారంటే అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. కాటన్ ఆనకట్టకు రాయి ఈ కొండ నుంచే తీశారు, మోయడానికి పట్టాలు కూడా వేశారు. చివరి రాయి ఇక్కడ ఉండటం, నది ఇక్కడి నుంచే పాయలుగా విడిపోవడం, ఆనకట్ట ఇక్కడే కట్టడం, మూడింటికీ సంబంధం ఉంది.

ఇక్కడి నుంచి అంతర్వేది వైపు వెళుతూ నేలను చూడండి. పొలాల మధ్య అక్కడక్కడా పొడవాటి ఇసుక మెరకలు వస్తాయి. చాలావరకు తీరానికి సమాంతరంగా పోతాయి. పాత ఊళ్లు, కొబ్బరి తోటలు, పాత బావులు వాటి మీదే ఎక్కువ. ఒకప్పటి సముద్రపు ఒడ్డులు అవి. నది ఒండ్రు పోసేకొద్దీ సముద్రం వెనక్కి జరిగింది, వదిలేసిన ఒడ్డు దిబ్బగా మిగిలింది. రెండు దిబ్బల నడుమ పల్లంలో బంకమన్ను, వరి. శాటిలైట్ బొమ్మ తెరిస్తే ఈ చారలు స్పష్టంగా కనిపిస్తాయి. కొల్లేరు కూడా ఒకప్పుడు తీరానికి ఆనుకుని ఉన్న ఉప్పునీటి మడుగే.

బోర్‌హోల్ – భీమవరం, సాయిల్ టెస్టింగ్

పైన సార్ చెప్పింది మా పనిలో రోజూ పనికొస్తుంది. ఒకే సైటులో రెండు బోర్లు వేస్తాం. ఒకదానిలో నాలుగు మీటర్లకే మంచి ఇసుక తగులుతుంది. ముప్ఫై అడుగుల అవతల రెండోదానిలో ఇసుక జాడే ఉండదు, మెత్తటి నల్ల బంకమన్ను దిగుతూనే ఉంటుంది. కారణం చూస్తే, మొదటి బోరు దిబ్బ అంచున ఉంటుంది, రెండోది పూడిపోయిన పాత పాయలో. ఆ తేడా పట్టించుకోకుండా ఒకే లోతు ఫుటింగులు వేస్తే ఇల్లు ఒక పక్కకు కుంగుతుంది. గోడల మీద ఏటవాలు పగుళ్లకు చాలాసార్లు మూలం ఇదే. మేస్త్రీని తిట్టి లాభం లేదు.

ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్, నేల గట్టితనం చూసే పరీక్ష) చేసే చోటికి ఒక్కసారైనా వెళ్లండి. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగడానికి పడిన దెబ్బలు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని పడ్డాయో అదే ఎన్ విలువ. మెత్తటి బంకమన్నులో రెండు, మూడు దెబ్బలకే దిగిపోతుంది. గట్టి ఇసుకలో 30 దాటుతుంది. గొట్టంలోంచి తీసిన మట్టిని చేత్తో పట్టుకోండి, వాసన చూడండి. కుళ్లిన ఆకుల వాసన, గవ్వల ముక్కలు ఉంటే అది ఒకప్పటి మడనేల.

మన దగ్గర జియాలజీ అంటే కోట్ల ఏళ్ల రాళ్ల కన్నా చివరి పది వేల ఏళ్ల మట్టే ముఖ్యం. పుస్తకంలో ఆ భాగం మూడు పేజీలు దాటదు, అందుకే పిల్లలకు ఇది తమకు పనికిరాని సబ్జెక్టు అనిపిస్తోంది. మా బాధంతా అదే.

రోవర్‌వాలా – తణుకు

చెల్లీ, సర్వే విషయంలో నా మాట విను. గొలుసు, క్రాస్‌స్టాఫ్, ప్లేన్ టేబుల్ మీద టైమ్ పెట్టొద్దు. 2020 డిసెంబర్‌లో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైన దగ్గర్నుంచి అంతా డ్రోన్లు, రోవర్లు (చేత్తో మోసే శాటిలైట్ రిసీవర్లు), వాటికి సవరణలు పంపే కార్స్ బేస్ స్టేషన్లే. రోవర్ పట్టుకుని గట్టు మీద నడిస్తే క్షణాల్లో పాయింటు వస్తుంది. ముందు జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి శాటిలైట్ సర్వే) నేర్చుకో, తర్వాత క్యాడ్ (కంప్యూటర్ డ్రాయింగ్), జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపులు). ఉద్యోగం వీటికే.

లెవెల్‌బుక్ – రావులపాలెం

రోవర్‌వాలా తమ్ముడూ, హద్దుల వరకు మీరన్నది నిజం. ఎత్తుల దగ్గరికి వచ్చేసరికి ఒప్పుకోను. రోవర్ మొదట ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ (లెక్కల కోసం భూమికి ఊహించిన నున్నటి ఆకారం) మీద నుంచి, సముద్రమట్టం నుంచి కాదు. మన తీరంలో ఆ రెండింటికీ పదుల మీటర్ల తేడా. సముద్రం కన్నా ఎత్తుగా ఉన్న పొలానికి కూడా మైనస్ అంకె వస్తుంది. జియాయిడ్ మోడల్ (ఆ తేడా ఎక్కడ ఎంతో చెప్పే నమూనా) పెట్టి సరిచేసుకోవాలి, ఏ మోడలో రిపోర్టులో రాయాలి. అది తెలియకుండా అంకెలు ఎక్కించిన డ్రాయింగులు చూశాను.

అదంతా సరిగ్గా చేశారనే అనుకుందాం. ఆర్టీకేలో (బేస్ సవరణలతో అక్కడికక్కడే పాయింటు తీసే రోవర్ పద్ధతిలో) ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఇప్పుడు కాలువ వాలు చూడండి. పదివేలకు ఒకటి వాలు అంటే కిలోమీటరుకు 10 సెంటీమీటర్లే. అందులో మూడు సెంటీమీటర్లు తప్పితే శివారు చేలకు నీరు ఎక్కదు. కొండ ప్రాంతంలో ఆ తప్పు ఎవరికీ కనిపించదు. ఇక్కడ దాళ్వాకు (రెండో పంట వరికి) వంతులు పెట్టినప్పుడు కొట్లాటలు జరుగుతాయి. ఆటో లెవెల్‌తో జాగ్రత్తగా చేస్తే కిలోమీటరుకు కొన్ని మిల్లీమీటర్లలో పని ముగుస్తుంది.

మీరు నలుగురూ చేయాల్సిన మొదటి పని టూ పెగ్ టెస్ట్. రెండు మేకులు 60 మీటర్ల దూరంలో కొట్టి, సరిగ్గా మధ్యలో పరికరం పెట్టి ఎత్తుల తేడా తీయండి. తర్వాత ఒక మేకు దగ్గరకు జరిపి మళ్లీ తీయండి. రెండు తేడాలూ కలవకపోతే పరికరం చూపు క్షితిజ సమాంతరంగా లేదన్నమాట. బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్ (వెనక, ముందు చూసే చోట్ల) దూరాలు సమానంగా ఉంచమని లెక్చరర్లు ఎందుకు పట్టుబడతారో అప్పుడు చేతికి తెలుస్తుంది.

ఆ తర్వాత ఒక బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి బయలుదేరి ఊరు చుట్టి మళ్లీ అక్కడికే రండి. మామూలు లెవెలింగ్‌కు ఒప్పుకునే తప్పు, దూరం కిలోమీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 24తో గుణిస్తే వచ్చినన్ని మిల్లీమీటర్లు. కిలోమీటరు చుట్టుకు 24. దాటితే మళ్లీ చేయండి. అంకెలు సర్దొద్దు.

రోవర్‌వాలా – తణుకు

ఎత్తుల విషయం ఒప్పుకుంటున్నానండి. కాలువ పనికి మేమూ లెవెల్ పెట్టే చేస్తాం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాత ఎఫ్‌ఎంబీలు (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే పొలాల కొలతల పటాలు) లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. కాబట్టి ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకు వెయ్యి. చేను 250 లింకుల పొడవు, 160 లింకుల వెడల్పు ఉంటే 40 వేల చదరపు లింకులు, 40 సెంట్లు. కాలిక్యులేటర్ అక్కర్లేదు. రోవర్ కొలతకూ ఎఫ్‌ఎంబీకీ తేడా వచ్చినప్పుడు రైతు మనల్నే అడుగుతాడు. పాత సర్వేయరు ఏ లైను మీద నుంచి ఏ ఆఫ్‌సెట్ (పక్కకు కొలిచిన దూరం) తీశాడో చదవగలిగితేనే జవాబు చెప్పగలం. ఆ మేరకు గొలుసు సర్వే నేర్చుకోవాల్సిందే.

మూడోసెమ్ – అమలాపురం

సెంటుకు వెయ్యి చదరపు లింకులు! మా తాతగారు లెక్కలు నోటితో ఎలా చెప్పేసేవారో ఇప్పుడు తెలిసింది. లెవెల్‌బుక్ గారూ, మాకు దగ్గరలో బెంచ్‌మార్క్ ఎక్కడ దొరుకుతుందండి?

లెవెల్‌బుక్ – రావులపాలెం

లాకులు, స్లూయిస్‌లు, పాత వంతెనల రాతి గోడల మీద చెక్కిన గుర్తులు చూడండి. వాటి విలువ కాలువల సెక్షన్ ఆఫీసులో రాసి ఉంటుంది, అడిగి తీసుకోండి. రైల్వే స్టేషన్ బోర్డు మీద కూడా సముద్రమట్టం నుంచి ఎత్తు రాస్తారు. మీ ఊరికి రైలు లేదు కాబట్టి పాలకొల్లో కోటిపల్లో వెళ్లాలి. రాజమండ్రి బోర్డుతో పోల్చి చూస్తే డెల్టా ఎంత చదునో అర్థమవుతుంది. బోర్డు అంకెను లెవెలింగ్‌కు మాత్రం వాడకండి, అవగాహనకే.

సార్వా_దాళ్వా – ముమ్మిడివరం దగ్గర, వ్యవసాయం

నేను ఇంజనీరును కాదండి. పిల్లలు నేర్చుకుంటామంటున్నారు కాబట్టి రెండు సంగతులు అడుగుతాను. మా దిబ్బ మీద బావి నీళ్లు మా చిన్నప్పుడు తియ్యగా ఉండేవి. చుట్టూ చెరువులు తవ్వారు, బోర్లు దింపారు. నీళ్లు చాలడం లేదని మేమూ బోరు ఇంకా లోతుకు దింపాం, ఉప్పు వచ్చింది. లోతుకు పోతే మంచినీళ్లు రావాలి కదా? రెండోది, వాన తెరిపిచ్చి రెండు రోజులైనా మా చేలో నీరు లాగదు. డ్రెయిన్ తవ్వించారు, అయినా అంతే. ఎందుకు?

తరగతిగది – కాకినాడ, సివిల్ లెక్చరర్

సార్వా_దాళ్వా గారూ, మీ రెండు ప్రశ్నలతో ఒక యూనిట్ మొత్తం చెప్పొచ్చు.

దిబ్బ కింద మంచినీరు వాన వల్ల చేరినదే. అది కింద ఉన్న ఉప్పునీటి మీద నూనె తేలినట్టు తేలుతోంది. ఉప్పునీరు మంచినీటి కన్నా సుమారు నలభైలో ఒక వంతు బరువెక్కువ. దాంతో మంచినీటి మట్టం సముద్రం కన్నా ఒక అడుగు ఎత్తున ఉంటే, సముద్రమట్టం కిందకు దాదాపు 40 అడుగుల దాకా మంచినీరు నిలుస్తుంది. దీన్ని గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు. ఇప్పుడు తోడి తోడి పై మట్టం అర అడుగు తగ్గించారనుకోండి. కింద ఉప్పునీరు 20 అడుగులు పైకి వస్తుంది. మెట్టలో నీళ్లు తగ్గితే లోతుకు పోతారు, ఇక్కడ అదే పని చేస్తే ఉప్పును వెతుక్కుంటూ పోయినట్టే. మధ్యలో బంకమన్ను పొరలుంటే లెక్క మారుతుంది, కానీ దిశ మారదు. దిబ్బ మీద తక్కువ లోతు బావులు రెండు మూడు పెట్టుకుని కొంచెం కొంచెం తోడటం, వాన నీటిని దిబ్బలోనే ఇంకనివ్వడం, పక్కన ఉప్పునీటి చెరువులు రాకుండా చూడటం, చేయగలిగినవి ఇవి.

డ్రెయిన్ సంగతి పోటుపాట్లది. డ్రెయిన్ చివర సముద్రంలోనో పాయలోనో కలుస్తుంది. పోటు వేళ బయటి నీరు లోపలి నీటి కన్నా ఎత్తుగా ఉంటుంది, లోపలిది కదలదు. పాటు వచ్చిన కొద్ది గంటల్లోనే పోవాలి. తుపాను ఉప్పెనగానీ గోదావరి వరదగానీ తోడైతే ఆ కొద్ది గంటలూ దక్కవు. పైగా మొగ (డ్రెయిన్ బయటి నీటిలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేట వేస్తే ఎంత వెడల్పుగా తవ్వినా నీరు అక్కడే ఆగుతుంది. మీ చేను మట్టం ఎంత, మొగలో పాటు మట్టం ఎంత, ఈ రెంటి తేడాయే మీ డ్రెయిన్ శక్తి. ముందు అది కొలవాలి, తర్వాత పొక్లెయిన్.

మూడోసెమ్, మీ నలుగురికీ ఇదే ప్రాజెక్టు.

మూడోసెమ్ – అమలాపురం

తప్పకుండా సర్! వరదల గురించి కూడా చెప్పండి. టీవీలో "10 లక్షల క్యూసెక్కులు, మొదటి ప్రమాద హెచ్చరిక" అంటారు, మాకు అది టెన్షన్‌గానే తప్ప లెక్కగా అర్థం కాదు.

తరగతిగది – కాకినాడ

ఒక క్యూసెక్కు సెకనుకు ఒక ఘనపుటడుగు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అంటే 10 లక్షలు పారిన రోజున 86.4 టీఎంసీలు సముద్రంలోకి పోయాయి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు. ఇవి బ్యారేజీ గేజీ మీది రీడింగులు, సముద్రమట్టం నుంచి ఎత్తులు కావు. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు, ఆ గేజీ వేరు. రెండు గేజీల అడుగులను తీసివేతలు చేయకూడదు.

వరద వచ్చినప్పుడు బులెటిన్లలో గంట గంటకూ వచ్చే మట్టాలు రాసుకుని భద్రాచలానికీ ధవళేశ్వరానికీ రెండు హైడ్రోగ్రాఫులు (గంటలు గడిచేకొద్దీ మట్టం ఎలా మారిందో చూపే గీతలు) ఒకే కాగితం మీద గీయండి. శిఖరం ఎన్ని గంటలు వెనకబడి వస్తుందో, ఎంత చప్పబడుతుందో కనిపిస్తుంది. మధ్యలో కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి పొంగిన ఏడాదికీ పొంగని ఏడాదికీ ఆ గీత వేరుగా ఉంటుంది. ఫ్లడ్ రౌటింగ్ (వరద దిగువకు ఎలా కదులుతుందో లెక్కించే) ఫార్ములా తర్వాత చదివితే సొంత మనిషిలా పలుకుతుంది.

నూరేళ్ల వరద గురించి ఒక మాట. నూరేళ్లకోసారి వస్తుందని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. 30 ఏళ్లలో కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం 26 శాతం. 1986 ఆగస్టులో వచ్చేసింది కదా, మన జీవితంలో ఇక రాదు అనుకునేవాళ్లకు 2022 జులై గుర్తుచేయండి. ఆ నెల భద్రాచలంలో 71 అడుగులు దాటింది.

లంకఊరు – పి.గన్నవరం

2022లో మా లంకలో (నది మధ్య దీవిలో) ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఏటిగట్టు అవతల ఊళ్లో గట్టు తెగలేదు, కానీ గట్టుకు ఊరి వైపు పొలంలో నేలలోంచి నీరు ఉబికింది, ఇసుకతో సహా. జనం బస్తాలు వేసి మూయబోతే ఒక పెద్దాయన వద్దని వారించి, చుట్టూ బస్తాలు పేర్పించారు. అప్పటి నుంచి నాకు అది అర్థం కాలేదు.

గట్టుమీద – ధవళేశ్వరం

ఆ పెద్దాయనకు దండం పెట్టాలి. గట్టు కింద ఇసుక పొర ఉంటే నది నీరు దానిలోంచి ఇవతలికి వస్తుంది. వచ్చే నీటి తోపు ఇసుక గింజల బరువును మించినప్పుడు గింజలు లేచి నీటితో బయటికి వస్తాయి. అలా వస్తూ ఉంటే గట్టు కింద సొరంగం పడుతుంది, గట్టు కూలుతుంది. నోరు మూస్తే నీరు పక్కన ఇంకో చోట నోరు తెరుస్తుంది. చుట్టూ బస్తాలు పేర్చి నీటిని నిలబెడితే లోపలి మట్టం పెరిగి, తేడా తగ్గి, తోపు తగ్గుతుంది. నీరు వస్తూనే ఉంటుంది, అది తేటగా వస్తున్నంతసేపు భయం లేదు. బురదగా, ఇసుకతో వస్తుంటే వెంటనే కబురు చేయాలి.

ఆనకట్ట కట్టినవాళ్ల ముందున్న సమస్య ఇదే. రాయి తగలని ఇసుకలో పునాది ఎలా? కాటన్ కావేరి మీది పాత ఆనకట్ట కల్లణై చూసి నేర్చుకున్నారు. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట ఇసుకలో దింపిన బావుల మీద నిలిచింది. పోలవరంలో నది గర్భంలో ఇసుక చాలా లోతు, అందుకే రాయి తగిలేదాకా డయాఫ్రం వాల్ (నేలలోకి దింపే కాంక్రీటు గోడ). ఆనకట్ట దగ్గర కింద నుంచి పోయే నీటి దారిని పొడవు చేశారు, పోలవరంలో దారే మూస్తున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని సీపేజ్ (నేలలోంచి నీటి ఊట) పాఠం చదవండి.

పైల్‌క్యాప్ – నరసాపురం, వంతెనల పని

మూడు సబ్జెక్టులూ ఒక్క లెక్కలో కలిసే చోటు నేను చూపిస్తాను. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గానికి గౌతమి, వైనతేయ, వశిష్ట మీద వంతెనలు. స్తంభం పునాది ఎంత లోతుకు దింపాలి? వరదలో స్తంభం చుట్టూ ఇసుక కోసుకుపోతుంది, దాన్నే స్కవర్ అంటాం. లేసీ సూత్రం ప్రకారం మీటరు వెడల్పుకు పోయే ప్రవాహాన్ని వర్గం చేసి, సిల్ట్ ఫ్యాక్టర్‌తో భాగించి, ఘనమూలం తీసి 1.34తో గుణించాలి.

మీటరుకు 20 క్యూమెక్కులు (సెకనుకు ఘనమీటర్లు), ఫ్యాక్టర్ 1 అనుకోండి. సుమారు 9.9 మీటర్లు. స్తంభం దగ్గర దానికి రెట్టింపు తీసుకుంటాం, గరిష్ఠ వరద మట్టం నుంచి కిందకు దాదాపు 20 మీటర్లు. ఫ్యాక్టర్ గింజ సైజు వర్గమూలాన్ని 1.76తో గుణిస్తే వస్తుంది. 0.32 మిల్లీమీటర్ల ఇసుకకు 1. అదే 0.12 మిల్లీమీటర్ల సన్న ఇసుకైతే 0.61, లోతు 23 మీటర్లు దాటుతుంది. కంటికి తేడా తెలియని గింజ మూడున్నర మీటర్లు పెంచింది. ఆ గింజ జియాలజీ, ఆ 20 క్యూమెక్కులు హైడ్రాలజీ, ఆ వరద మట్టం, నది అడ్డుకోత సర్వే. ఇందులో ఏది తప్పినా పునాది తప్పుతుంది. పాయ ఒడ్డున గుప్పెడు ఇసుక తెచ్చుకుని కాలేజీ ల్యాబ్‌లో జల్లెడ పట్టి మీ గింజ ఎంతో చూడండి.

మూడోసెమ్ – అమలాపురం

అందరికీ ధన్యవాదాలండి. మా క్లాసులో ఇది చూపించాను, ఇంకో ఇద్దరు చేరారు. ప్లాన్ ఇలా అనుకున్నాం. ముందు టూ పెగ్ టెస్ట్. తర్వాత సార్వా_దాళ్వా గారి చేను నుంచి డ్రెయిన్ మొగ దాకా లెవెల్స్, దారిలో దిబ్బ మీద బావుల నీటిమట్టం. అదే గీత మీద చేత్తో తిప్పే ఆగర్‌తో (మట్టి తీసే బర్మాతో) రెండు మూడు చోట్ల మట్టి. చివరికి ఒక్క సెక్షన్‌లో నేల, మట్టి, నీరు మూడూ. పర్మిషన్ కావాలా? వరదల సమయంలో వెళ్లొచ్చా?

సార్వా_దాళ్వా – ముమ్మిడివరం దగ్గర

మా చేలో పర్మిషన్ అక్కర్లేదమ్మా, ఎప్పుడైనా రండి. సార్వా (మొదటి పంట వరి) ఊడ్పులైతే గట్ల మీద నడవడం కష్టం, కోతలయ్యాక వస్తే సుఖం. భోజనం మా ఇంట్లోనే.

లెవెల్‌బుక్ – రావులపాలెం

కాలువ, డ్రెయిన్ గట్ల మీద పరికరం పెట్టాలంటే హెచ్‌ఓడీ సంతకంతో లెటరు తీసుకుని సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి, అక్కడి లస్కర్‌కు (కాలువ తూములు చూసే ఉద్యోగికి) ముందే చెప్పండి. ఏ తూము ఎప్పుడు ఎత్తుతారో ఆయనకే తెలుసు. వరద హెచ్చరిక ఉన్నప్పుడు మొగ దగ్గరికి వెళ్లకండి.

ఒక్కటి మరవద్దు. నీటిమట్టం రాసిన ప్రతి చోటా తేదీ, టైమ్, పోటా పాటా అన్నది పక్కనే రాయండి. అవి లేని నీటిమట్టం మొగ దగ్గర దేనికీ పనికిరాదు. సెక్షన్ గీశాక ఇక్కడ పెట్టండి, తరగతిగది గారూ నేనూ చూస్తాం.